ఒక్క పంక్తిలో ఇచ్చిన అధికారం

దసరా సెలవులకు మా అక్క పిల్లలు ఢిల్లీ వచ్చారు. మా అబ్బాయికి 14 ఏళ్లు, మేనకోడలికి 11, మేనల్లుడికి 9. ముగ్గురూ కలిసి ఆడుకోవడానికి వీలుగా, మూలపడి ఉన్న పాత ల్యాప్‌టాప్ మీద మైన్‌క్రాఫ్ట్ సర్వర్ ఒకటి నెలకొల్పాను. బయటివారెవరూ రాలేని, మా ఇంటి వై-ఫైకి మాత్రమే పరిమితమైన చిన్న లోకం అది. ఆట మధ్యలో నన్ను మాటిమాటికీ పిలవకుండా ఉండాలని మా అబ్బాయికి ఆపరేటర్ హోదా ఇచ్చాను. సర్వర్ తెర మీద చిన్న ఆదేశం, దాని పక్కన అతని పేరు టైపు చేస్తే చాలు. ఒకే ఒక్క పంక్తి. ఆ తర్వాత ఏదో పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక ముందేసుకుని కూర్చున్నాను.

అయిదో రోజు సాయంత్రానికి మా మేనకోడలు వచ్చినప్పటి నుంచీ కట్టుకుంటున్న ఊరు లావాలో కాలిపోయింది. పోసింది మా వాడే. సరదాకి చేశానన్నాడు. ఆ పిల్ల ఆటలోనే అందరికీ కనిపించేలా తన ఫిర్యాదు రాసింది. రెండు నిమిషాల్లో ఆమెకు ఆ లోకంలోకి ప్రవేశం నిషిద్ధమైంది. నిషేధించింది కూడా మా వాడే. నా దగ్గరికి వచ్చినప్పుడు ఆమె వాడి మీద నేరం మోపలేదు. "మామయ్యా, వాడికి అధికారం ఇచ్చింది నువ్వే కదా?" అని మాత్రం అడిగింది.

356వ అధికరణ దుర్వినియోగం గురించీ, గవర్నర్ల విచక్షణ గురించీ, దర్యాప్తు సంస్థల స్వతంత్రత గురించీ ఏళ్ల తరబడి రాస్తున్నవాడిని. ఆరోపణ ఎవరి మీద ఉందో ఆయనే విచారణ జరపడం, ఫిర్యాదు చేసిన మనిషే శిక్ష అనుభవించడం ఈ దేశపు విలేకరికి కొత్త విషయాలు కావు. అయినా అటువంటి వ్యవస్థనే నా ఇంట్లో, ఎవరినీ సంప్రదించకుండా, స్వహస్తాలతో స్థాపించాను. ఆ పిల్ల ప్రశ్నకు సమాధానం వెతకబోతే అరవై ఏళ్ల చరిత్ర ఎదురైంది. రాజకీయాలు చదివేవారికి అది పరాయి చరిత్ర కాదని తోచి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా నేను చేసిన పొరపాటేమిటో చెప్పాలి. మైన్‌క్రాఫ్ట్‌లో ఆపరేటర్ అధికారానికి నాలుగు అంతస్తులున్నాయి. మొదటి అంతస్తులో ఉన్నవారికి, అందరూ తొలిసారి అడుగుపెట్టే రక్షిత ప్రాంతంలో కట్టడానికీ కూల్చడానికీ వీలుంటుంది. రెండో అంతస్తు వారు వస్తువులు సృష్టించగలరు, ఒకచోటి నుంచి మరొకచోటికి క్షణంలో వెళ్లగలరు, పగటిని రాత్రిగా మార్చగలరు. మూడో అంతస్తు వారు ఇతరులను బయటికి పంపగలరు, నిషేధించగలరు, మరొకరిని ఆపరేటర్‌గా నియమించగలరు. నాలుగో అంతస్తుకు చేరినవారు సర్వర్‌నే ఆపేయగలరు. ప్రత్యేకంగా ఏమీ నిర్దేశించకుండా ఎవరికైనా హోదా ఇస్తే నేరుగా నాలుగో అంతస్తే దక్కుతుంది. పగలూ రాత్రీ మార్చుకుంటాడులే అనుకుని నేనిచ్చిన హోదాలో కట్టడం, కూల్చడం, తీర్పు చెప్పడం, బహిష్కరించడం, లోకాన్ని నిలిపివేయడం అన్నీ కలిసి ఉన్నాయి. రెండో అంతస్తుతో సరిపోయే పనికి నాలుగూ ఇచ్చాను.

ఈ అంతస్తుల వెనుక ఉన్న ఆలోచన ఆటల నుంచి పుట్టింది కాదు. 1961లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కార్బటో బృందం ఒకే కంప్యూటరును ఒకేసారి అనేకమంది వాడుకునే ఏర్పాటును ప్రదర్శించింది. అంతవరకూ యంత్రం ముందు ఒక్కొక్కరే వంతులవారీగా కూర్చునేవారు కనుక నీది, నాది అన్న తగవు లేదు. నలుగురు కలిసి వాడుకోవడం మొదలుపెట్టగానే ఎవరి కాగితాలు వారివిగా ఉంచవలసి వచ్చింది. కంప్యూటర్లలోకి పాస్‌వర్డ్ ప్రవేశించింది ఆ వ్యవస్థతోనే. ఏడాది తిరగకుండానే అక్కడి పరిశోధక విద్యార్థి ఒకరు, తనకు కేటాయించిన సమయం చాలక, పాస్‌వర్డులన్నీ ఉన్న పత్రాన్ని అచ్చువేయించుకుని ఇతరుల ఖాతాలు వాడుకున్నారు. హద్దు గీయడమూ, దాన్ని దాటడమూ దాదాపు ఒకేసారి మొదలయ్యాయన్నమాట.

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీలు మొదలుపెట్టిన యూనిక్స్ ఈ హద్దులకు ఒక స్థిరరూపం ఇచ్చింది. ప్రతి పత్రానికీ ఒక యజమాని ఉంటాడు. దాన్ని చదివే, మార్చే, నడిపే అనుమతులు యజమానికి వేరుగా, ఇతరులకు వేరుగా ఉంటాయి. వీటన్నిటికీ అతీతంగా ఒక్క వినియోగదారు ఉంటాడు. అతని సంఖ్య సున్నా, పేరు రూట్. అనుమతుల తనిఖీ అతనికి వర్తించదు. ప్రజలందరికీ చట్టం, ఒక్కరికి మాత్రం మినహాయింపు. రాజరికపు సూత్రం యంత్రంలోకి ఆ విధంగా ప్రవేశించింది. దాన్ని పెట్టినవారు నియంతలు కారు. ఏదైనా పాడైతే బాగుచేయడానికి ఎవరో ఒకరి చేతిలో తాళాలన్నీ ఉండాలి కదా అన్న ఆచరణజ్ఞానమే అందుకు కారణం. అత్యవసర అధికారాలు కూడా ఎక్కడైనా ఈ వాదనతోనే పుడతాయి.

అయితే అదే యూనిక్స్‌లో రిచీ మరొక ఉపాయం కూడా కల్పించారు. వినియోగదారు తన పాస్‌వర్డ్ మార్చుకోవాలంటే, రూట్ మాత్రమే రాయగల పత్రంలో అక్షరాలు మారాలి. అందుకని అతన్ని రూట్ చేయలేరు. అందువల్ల అధికారాన్ని మనిషికి కాకుండా పాస్‌వర్డ్ మార్చే ఆ ఒక్క ప్రోగ్రాముకు అప్పగించారు. ఎవరు నడిపినా, నడుస్తున్నంతసేపు ఆ ప్రోగ్రాముకు రూట్ అధికారం ఉంటుంది. అది చేసే పని మాత్రం పాస్‌వర్డ్ మార్చడం ఒక్కటే. ఎన్నికల రిటర్నింగ్ అధికారిని గుర్తుచేసుకోండి. నామినేషన్ తిరస్కరించగల ఆయన అధికారం ఆ ఎన్నికకూ, ఆ ప్రక్రియకూ కట్టుబడి ఉంటుంది. ప్రక్రియ ముగియగానే ఆ అధికారమూ ముగుస్తుంది. రిచీ ఉపాయానికి 1979లో పేటెంట్ లభించింది.

ఈ అనుభవాల నుంచి సిద్ధాంతం పుట్టింది 1975లో. ఆ సెప్టెంబరులో జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ ప్రచురించిన పరిశోధనాపత్రంలో, కంప్యూటర్లలో సమాచార రక్షణకు పాటించవలసిన సూత్రాలు క్రోడీకరించారు. మనకు అవసరమైనవి అందులో మూడు. ఒకటి, ప్రతివారికీ తమ పనికి కావలసినంత మేరకే, అంటే కనిష్ఠ అధికారమే ఉండాలి. రెండు, అనుమతి ఇచ్చామని స్పష్టంగా చెప్పనంతవరకూ లేనట్టే లెక్క. మూడు, కీలకమైన పనికి ఒక తాళంచెవి చాలదు, ఇద్దరి చేతుల్లో రెండు ఉండాలి.

ఆ పత్రం వెలువడేనాటికి మనదేశంలో ఎమర్జెన్సీకి మూడో నెల నడుస్తోంది. ఆ రెంటికీ సంబంధం ఏమీ లేదు. కానీ 1978లో 44వ రాజ్యాంగ సవరణ చేసిన మరమ్మతును ఈ సూత్రాల పక్కన పెట్టి చదవండి. అత్యవసర పరిస్థితి విధించడానికి ఆంతరంగిక కల్లోలం అన్న విశాలమైన మాట తొలగించి సాయుధ తిరుగుబాటు అన్న ఇరుకైన మాట చేర్చారు. ప్రధాని ఒక్కరి సలహా చాలదు, మంత్రివర్గ నిర్ణయం లిఖితపూర్వకంగా రావాలన్నారు. మొదటిది కనిష్ఠ అధికారం, రెండోది రెండో తాళంచెవి. అధికారాన్ని మితం చేయవలసిన అవసరం ఎదురైనప్పుడు ఇంజనీర్లూ, పార్లమెంటేరియన్లూ వేర్వేరు దారుల్లో నడిచి ఒకేచోటికి చేరారు.

ఇక ఆటల లోకానికి వద్దాం. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా ప్రారంభించగా రిచర్డ్ బార్టల్ అభివృద్ధి చేసిన మడ్ అనే ఆటలో బొమ్మలు లేవు, అన్నీ అక్షరాలే. అనేకమంది ఒకే లోకంలో సంచరించే ఆటలకు అది ఆద్యం. ఆడి ఆడి తగినన్ని పాయింట్లు సంపాదించినవారు అందులో మాంత్రికులయ్యేవారు. వారికి ఇతరుల మీద అసాధారణ శక్తులుండేవి. ఆటలో నేర్పు ఉన్నవారికి పాలించే నేర్పు కూడా ఉంటుందన్న నమ్మకం ఈ ఏర్పాటు వెనుక ఉంది. మా అబ్బాయికి హోదా ఇచ్చేటప్పుడు నేను నమ్మిందీ అదే. పెద్దవాడు, ఆట బాగా తెలిసినవాడు అనుకున్నాను. సినిమాల్లో గెలిచినవారికీ, వ్యాపారంలో గెలిచినవారికీ మనం అధికారం అప్పగిస్తున్నదీ ఇదే నమ్మకంతో.

ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన ఘట్టం లాంబ్డామూది. పావెల్ కర్టిస్ 1990లో, కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో నడుస్తున్న కంప్యూటరు మీద నెలకొల్పిన అక్షరలోకం అది. జనం వేలల్లో చేరారు. జనంతో పాటు తగవులూ వచ్చాయి. తీర్పరులుగా మాంత్రికులు అలసిపోయారు. 1992 డిసెంబరులో కర్టిస్ ఒక ప్రకటన చేశారు. ఇకమీదట మాంత్రికులు యంత్రాన్ని నడిపే సాంకేతిక నిపుణులుగా మాత్రమే ఉంటారని, సమాజపు తగవుల్లో జోక్యం చేసుకోరని దాని సారాంశం.

యాదృచ్ఛికమే కావచ్చు, మన పార్లమెంటు 73వ రాజ్యాంగ సవరణను ఆమోదించిందీ ఆ డిసెంబరులోనే. పంచాయతీలకు రాజ్యాంగ ప్రతిపత్తి వచ్చింది. 11వ షెడ్యూలులో 29 అంశాలు చేరాయి. కానీ ఆ అంశాల మీద అధికారాలు ఇవ్వవచ్చు అని మాత్రమే 243-జి అధికరణ రాష్ట్రాలకు చెప్పింది. నిధులు, సిబ్బంది ఎవరి చేతుల్లో మిగిలిపోయారో సర్పంచులను అడిగితే చెబుతారు. బాధ్యత కిందికి దిగింది, తాళంచెవులు పైనే ఉన్నాయి. లాంబ్డామూలో జరిగింది కూడా ఇటువంటిదే.

1993లో అక్కడ ఒక సభ్యుడు ఇతరుల పాత్రలను తన అదుపులోకి తెచ్చుకుని, వారు లైంగిక హింసకు లోనవుతున్నట్టు అందరి ముందూ రాయించాడు. బాధితులు న్యాయం కోరారు. న్యాయం చేయడానికి సంస్థ లేదు. మాంత్రికులు తప్పుకున్నారు, వారి స్థానంలో ఎవరినీ నియమించలేదు. సభ్యులు గంటల తరబడి చర్చించి ఏ నిర్ణయానికీ రాలేకపోయారు. చివరికి ఒక మాంత్రికుడు తనంత తానే ఆ సభ్యుడిని శాశ్వతంగా తొలగించాడు. ఫలితం సరైనదే కావచ్చు. పద్ధతి మాత్రం, ఎవరూ అడగలేని ఒక్కడి నిర్ణయం. పాత్రికేయుడు జూలియన్ డిబెల్ అదే ఏడాది విలేజ్ వాయిస్ పత్రికలో రాసిన వ్యాసంతో ఆ ఉదంతం లోకానికి తెలిసింది. తర్వాత కర్టిస్ అక్కడ మహజరులూ, ఓటింగూ ప్రవేశపెట్టారు. సభ్యులు నెగ్గించినదాన్ని మాంత్రికులు అమలు చేయాలి.

ఆ ప్రజాస్వామ్యం మూడేళ్లు నడిచింది. 1996 మేలో మాంత్రికులు మరో ప్రకటన చేశారు. సాంకేతిక నిర్ణయం, సామాజిక నిర్ణయం అని గీత గీయడం సాధ్యం కాలేదని, అవసరమైతే ఇకపై తామే నిర్ణయాలు తీసుకుంటామని అందులో చెప్పారు. దీన్ని ప్రజాస్వామ్య వైఫల్యంగా చదివేవారున్నారు. నాకు మరొక పాఠం కనిపిస్తుంది. యంత్రాన్ని ఆపగల మీట తన చేతిలో ఉంచుకుని తటస్థుడినని చెప్పుకునే హక్కు ఎవరికీ లేదు. జోక్యం చేసుకోకపోవడం కూడా బలవంతుడి పక్షాన చేసుకున్న జోక్యమే అవుతుంది. లావా పారుతున్నప్పుడు పక్క గదిలో నేను నివేదిక చదువుతున్నాను. నన్ను ఎవరూ పిలవకుండా ఉండే ఏర్పాటు చేసుకున్నది కూడా నేనే.

మైన్‌క్రాఫ్ట్ 2009లో తొలిసారి బయటికి వచ్చి, 2011 నవంబరులో పూర్తిస్థాయిలో విడుదలైంది. ఇళ్లలో పిల్లల కోసం సర్వర్లు నడిపే తల్లిదండ్రులకూ, బడుల్లో నడిపే ఉపాధ్యాయులకూ ఆపరేటర్ అన్న ఒక్క హోదా చాలలేదు. 2010 చివరలో మొదలైన బక్కిట్ అనే స్వచ్ఛంద ప్రాజెక్టు, దాని చుట్టూ పెరిగిన ఉపకరణాలు ఆ లోటు తీర్చాయి. ప్రతి పనికీ ఒక ప్రత్యేక అనుమతి, అనుమతులను కలిపి బృందాలు, బృందాల్లో సభ్యులు అన్న పద్ధతి అక్కడ స్థిరపడింది. నేడు వాడుకలో ఉన్న లక్‌పెర్మ్స్‌తో ఒక అనుమతిని గడువు పెట్టి ఇవ్వవచ్చు. గడువు తీరగానే అది దానంతటదే పోతుంది. కోర్‌ప్రొటెక్ట్ అనే మరొకటి, ఏ ఇటుకను ఎవరు, ఎప్పుడు తీశారో నమోదు చేస్తుంది. జరిగిన విధ్వంసాన్ని వెనక్కి తిప్పి పూర్వస్థితి తెస్తుంది. వీటిని రాసినవారిలో రాజ్యాంగశాస్త్రం చదివినవారు ఎందరో నాకు తెలియదు గాని, పదవీకాలం, లిఖిత దస్త్రం, పరిహారం అన్న మూడూ వారి పనిలో ఉన్నాయి.

చట్టం ఈ విషయంలో ఏమంటుందని అడగవచ్చు. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది. వారి సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల నుంచి నిర్ధారించదగిన సమ్మతి ఉండాలంటుంది. వారి ప్రవర్తన మీద నిఘాను, వారిని లక్ష్యంగా చేసుకునే ప్రకటనలను నిషేధిస్తుంది. కంపెనీలకు ఈ మాత్రం పగ్గాలు అవసరమే. అయితే సొంత, గృహ అవసరాల కోసం ఒక వ్యక్తి చేసే పని ఆ చట్టం పరిధిలోకి రాదు. అంటే కంపెనీ పిల్లల మాటలు గమనిస్తే చట్ట ఉల్లంఘన. నా సర్వర్ దస్త్రంలో పిల్లలు ఒకరితో ఒకరు రాసుకున్న మాటలు నమోదవుతున్నా, వాటిని నేను అర్ధరాత్రి కూర్చుని చదివినా అడిగేవారు లేరు. ఇంటి గడప దగ్గర చట్టం ఆగిపోతుంది. అక్కడి నుంచి శాసనసభా, కార్యనిర్వాహకమూ, న్యాయస్థానమూ తండ్రే.

బాలల హక్కుల ఒడంబడికలో భారతదేశం చేరింది కూడా 1992 డిసెంబరులోనే. తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు, వయసుకు తగినట్టు దానికి విలువనిప్పించుకునే హక్కు పిల్లలకు ఉన్నాయని దాని 12వ అధికరణ అంటుంది. ఆ రాత్రి భోజనాలయ్యాక ముగ్గురినీ కూర్చోబెట్టింది ఆ అధికరణ గుర్తుకు వచ్చి కాదు. నా మేనకోడలి ముఖం చూడలేకపోయాను, అంతే.

మా అబ్బాయి తన తరఫున ఒకే వాదన చెప్పాడు. "అలా చేయకూడదని నువ్వు ముందు చెప్పలేదు నాన్నా." నాకు కోపం వచ్చింది గాని, రాజ్యాంగం వాడి వైపే ఉంది. చేసిన నాటికి నేరం కాని పనికి శిక్ష వేయకూడదని 20వ అధికరణ మొదటి క్లాజు చెబుతుంది. కాబట్టి శిక్ష వేయలేదు. హోదా మాత్రం తీసేశాను. హోదా వాడి హక్కు కాదు. మేనకోడలి మీద నిషేధం ఎత్తేశాను. కాలిపోయిన ఊరు తిరిగి రాలేదు. అప్పటికి నకలు తీసి ఉంచలేదు, నమోదు చేసే ఉపకరణమూ పెట్టలేదు. ఆ తప్పు పూర్తిగా నాది.

తర్వాత నియమాలు రాసుకున్నాం. ఆడేవారి పేర్లు ప్రవేశ జాబితాలో ఉండాలి, లేనివారు రాలేరు. కట్టుకోవడానికి ఎవరికీ ఏ హోదా అక్కర్లేదు. ఇంటికి క్షణంలో చేరే అనుమతి ముగ్గురికీ ఉంటుంది. పగలూ రాత్రీ మార్చే అనుమతి వారానికి ఒకరికి, గడువుతో. లావా, పేలుడు పదార్థాలు ఒకరి స్థలంలో వాడాలంటే ఆ స్థలం యజమాని ఒప్పుకోవాలి. బహిష్కరించే అధికారం పిల్లల్లో ఎవరికీ లేదు. ప్రతి రాత్రీ లోకం నకలు ఒకటి వేరే డిస్కులోకి వెళ్తుంది.

ఇంతలో మేనకోడలు మరొక ప్రశ్న వేసింది. నాలుగో అంతస్తులో నువ్వు ఒక్కడివే ఉన్నావు, నువ్వేం చేశావో మాకెలా తెలుస్తుంది అని. ఫోన్ల ట్యాపింగ్ మీద 1996లో సుప్రీంకోర్టు పి.యు.సి.ఎల్. కేసులో అడిగింది కూడా దాదాపు ఇదే. అధికారం ఉండవచ్చు గాని, ఎవరు ఉత్తర్వు ఇచ్చారో, ఎందుకు ఇచ్చారో లిఖితంగా ఉండాలని, దాన్ని మరొకరు సమీక్షించాలని ఆ తీర్పు చెప్పింది. అందువల్ల సర్వర్ పక్కన ఒక నోటుపుస్తకం పెట్టాం. నా అధికారం వాడిన ప్రతిసారీ తేదీ, కారణం రాయాలి. పిల్లల సంభాషణల దస్త్రాన్ని ఫిర్యాదు వచ్చినప్పుడే, వారికి చెప్పి తెరవాలి. పుస్తకం ఎవరైనా చదవవచ్చు.

ఇటువంటి ఏర్పాటును చూసి నవ్వేవారుంటారని తెలుసు. ఆటే కదా అంటారు. కానీ అధికారం అంటే ఏమిటో పిల్లలు తొలిసారి తెలుసుకునేది పౌరశాస్త్రం పుస్తకంలో కాదు. బలం ఉన్నవాడు చేసినదానికి అడిగే చోటు ఉంటుందా, అడిగినవారు బయటికి పోతారా అన్నది వారు ఇంట్లోనే చూసి నేర్చుకుంటారు. అయిదు రోజుల్లో మా అబ్బాయి నేర్చుకున్నది, ఫిర్యాదీని నిషేధిస్తే ఫిర్యాదు ఉండదని. అది నేర్పిన పాఠశాల నా ఇల్లే. మహానుభావుడైనా సరే ఒక్కరి పాదాల చెంత స్వేచ్ఛలను పెట్టవద్దని 1949 నవంబరులో అంబేద్కర్ రాజ్యాంగసభను హెచ్చరించారు. మహానుభావుల మాట అలా ఉంచితే, ఆట బాగా ఆడే 14 ఏళ్ల కుర్రవాడికి ఆ బరువు మోపడం వాడికీ అన్యాయమే.

సెలవులు ముగిసి మా అక్క పిల్లలు వెళ్లేనాటికి నోటుపుస్తకంలో నా పేరు మీద మూడు పద్దులున్నాయి. మొదటిది నిషేధం ఎత్తివేత. రెండోది పోయిన వస్తువులు తిరిగి ఇవ్వడం. మూడోది, పిల్లలు త్వరగా పడుకోవాలని ఆటలో పదేపదే చీకటి చేయడం. దాని పక్కన మా తొమ్మిదేళ్ల మేనల్లుడు వంకర అక్షరాలతో అభ్యంతరం రాశాడు. ఆ వారం పగలూ రాత్రీ మార్చే అనుమతి తనదని, మామయ్య అడగకుండా వాడుకున్నాడని. వాడి మాట నిజం. కింద సంతకం పెట్టాను.